మూడు గంటల తడి

ఇది కట్టుకథ కాదు. నా కళ్లతో చూశానని కూడా అనను... అసలు ఘడియలో నా కళ్లు మూసుకుని ఉన్నాయి. అయినా జరిగింది. ఎవరి మీద ఒట్టు వెయ్యమన్నా వేస్తాను, జరిగింది. నమ్మనివాళ్లకు చూపించడానికి నా డైరీ ఉంది. అందులో ఒక పేజీ. ఆ పేజీలో శనగగింజంత సిరా మరక. నాకున్న సాక్ష్యం అదొక్కటే.

ముందు నా పని సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది తెలియదు.

విశాఖ పోర్టులో ముప్పై నాలుగేళ్లు చేశాను. సముద్రపు నీటి మట్టం గంటగంటకూ చూసి పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. ఓడ లోపలికి రావాలన్నా, బయటికి పోవాలన్నా ఆ అంకె కావాలి. చేరిన మొదటి రోజే మా పెద్దాయన ఒక మాట చెప్పాడు. "గంట కొట్టాక కొలత. కొలిచాక రాత." నిద్ర ముంచుకొస్తోందని మూడు గంటల అంకెను రెండున్నరకే రాసి పడుకునేవాడు మా లెక్కలో దొంగ. తప్పు రాస్తే ఒక్క అడ్డగీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. సరిగ్గా రాస్తే చివర సంతకం పెట్టాలి. అంతే. రిటైరయ్యి పదమూడేళ్లయినా ఇంట్లో డైరీ కూడా అలాగే రాస్తాను. జరిగాకే రాస్తాను.

ఆ ఒక్క రాత్రి తప్ప.

మా బావమరిది సూరి. నా భార్య సత్యవతికి ఒక్కడే తమ్ముడు. కంచరపాలెంలో మా వెనక వీధిలోనే ఉంటాడు. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని. దగ్గు వచ్చింది, జ్వరం వచ్చింది, లెక్కచెయ్యలేదు. న్యుమోనియా అన్నారు. అయిదు రోజులు గొంతులో గొట్టం, మిషను మీద ఊపిరి. ఆరో రోజు సాయంత్రం గొట్టం తీసేశారు. బతికాడురా భగవంతుడా అనుకున్నాం.

అప్పుడు మొదలైంది దాహం.

అన్నాళ్లు గొట్టం ఉన్న గొంతు మింగడం మర్చిపోతుందట. నీళ్లు పోస్తే కడుపులోకి పోవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పొద్దున డాక్టరు వచ్చి మింగగలడో లేదో పరీక్షించేదాకా చుక్క పొయ్యకూడదన్నారు. సెలైన్ ఎక్కుతూనే ఉంది. ఒంటికి నీళ్లున్నాయి. నోటికి లేవు. వాడు మాస్కు పీకేస్తున్నాడు, సూదులు లాగేస్తున్నాడు. అందుకని రాత్రి పదిన్నరకు ఐసీయూ నర్సు నన్ను లోపలికి పిలిచింది. అసలు పేరెందుకు, కుమారి అందాం. శ్రీకాకుళం అమ్మాయి. నాకు పచ్చ గౌను తొడిగి, టోపీ పెట్టి, మాస్కు కట్టింది.

"బాబాయ్ గారూ, మీరు పక్కనుంటే కాస్త తగ్గుతాడు. గంటకోసారి నోరు తడపండి. ఇలాగ..."

స్టీలు గిన్నెలో ఫ్రిజ్‌లో చల్లార్చిన నీళ్లు. సీలు వేసిన ప్యాకెట్‌లో ఇరవై గాజుగుడ్డ ముక్కలు. ఒక ముక్క పెదాలకు. ఒకటి నాలుకకు. ఒకటి బుగ్గల లోపల. ఆ పైన చల్లటి నీళ్లు సన్నగా రెండుసార్లు స్ప్రే. చివర పెదాలకు కాస్త ఆయింట్‌మెంట్.

"గట్టిగా పిండీసి పెట్టాలండి. కారకూడదు. వాడినవన్నీ ఈ ట్రేలో వేసీయండి. లెక్క తప్పకూడదు. ఒక్క ముక్క నోట్లో ఉండిపోయి గొంతులోకి జారిందనుకోండి... ఇంక మనిషి దక్కడు."

"లెక్క సంగతి నాకు వదిలెయ్యమ్మా" అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను.

ఇంకొక సంగతి ఆమెకు చెప్పలేదు. నా చేతిసంచీలో ఒక చిన్న సీసా ఉంది. తులసి వేసిన నీళ్లు. లోపలికి వచ్చేముందు సత్యవతి వరండాలో నా చెయ్యి పట్టుకుని పెట్టింది.

"ఈళ్లు సవాలక్ష సెబుతారు. ఆడికి అటూ ఇటూ అయినట్టుంటే మాత్రం ఒక్క సెంచా పోసీయండి. మా అయ్య గొంతు తడవకుండా పోనాడు. ఈడు కూడా అలాగ పోతే నాను ఓర్సుకోనేను."

పోస్తే చంపినవాణ్నవుతాను. పొయ్యకుండా వాడు పోతే ఆమె ముఖం చూడలేను. ఆ సీసా ఉన్న సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పదకొండయింది.

మొదటిసారి తడిపాను. గుడ్డ పెదాలకు తగలగానే వాడు పళ్లతో పట్టేశాడు. పసిపిల్లాడిలా చప్పరించాడు. ముక్క లాక్కోవడానికి భయమేసింది.

"ఒగ్గరా సూరీ... ఒగ్గు..."

వదిలాడు. గొంతు బొంగురుపోయి ఉంది. గాలే తప్ప మాట లేదు.

"బావా... లారీలకి లారీలు ఐసు పగలగొట్టినోణ్ని... ఒక్క ముక్క ఇయ్యనేవేటి..."

"పొద్దున్న ఇస్తాన్రా."

"పొద్దున్నకి నా నోట్లో బియ్యం ఎయ్యి. సరిపోద్ది."

ఆ స్థితిలో కూడా ఎటకారం. నవ్వొచ్చింది. ఏడుపొచ్చింది. డైరీలో రాసుకున్నాను. 11.00. మూడు ముక్కలు. సంతకం.

అప్పుడు ఎడమ పక్క నుంచి ఇంకో గొంతు.

"బావా..."

పక్క మంచం. తెర సగం తీసి ఉంది. నా వయసువాడే. నల్లగా, ఎండిన చేపలా ఉన్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. మా వైపు మగవాళ్లు ఎరగనివాణ్ని కూడా బావా అనే పిలుస్తారు.

"బావా... నాకూ ఒక సుక్క..."

కుమారిని పిలిచాను. వచ్చి చూసింది. "తాతగారికి నాను తడుపుతానండి. మీరు మాత్రం వేరే మంచం ముట్టుకోవద్దు. ఒకరి జబ్బు ఒకరికి అంటుకుంటాది." తడిపింది కూడా. ఆయన భార్య బట్టలు తేవడానికి ఊరెళ్లిందట. పొద్దున వస్తుందట. మరబోటు మీద వేటకెళ్లేవాడట. కుమారే చెప్పింది.

పన్నెండుకు నేను మళ్లీ గుడ్డ పిండుతుంటే ఆయన చూస్తున్నాడు. నా చేతిలోని ముక్కనే చూస్తున్నాడు. కుమారి అవతలి చివర ఎవరికో ఊపిరి అందక అటు పరుగెత్తింది. ఆయన చెయ్యి చాపాడు. మంచం పట్టీ దాటి... మెల్లగా... నా గౌను అంచు దాకా వచ్చింది ఆ చెయ్యి.

నేను తిరిగి నిలబడ్డాను. వీపు అటు పెట్టాను. సూరి పెదాలు తడిపాను.

12.00. మూడు ముక్కలు. సంతకం. ఆ చెయ్యి సంగతి రాయలేదు. నా డైరీల్లో కావాలని రాయకుండా వదిలింది అదొక్కటే.

పావు తక్కువ ఒంటిగంటకు పక్క మంచం మిషను కూతపెట్టింది. ఒకటే కూత. తెర లాగేశారు. అడుగులు... మాటలు... "ఒత్తండి, ఒత్తండి..." తర్వాత ఏమీ లేదు. కూత కూడా ఆగిపోయింది. ఆగిపోయినప్పుడే ఎక్కువ భయమేసింది.

ఒంటిగంటకు వణికే చేతుల్తో సూరికి తడిపాను. మూడు ముక్కలు. రెండింటికి తడిపాను. మూడు ముక్కలు. ఆలోపు ఆయన్ను తీసుకెళ్లిపోయారు. మంచం తుడిచారు. ఫినాయిల్ వాసన. కొత్త దుప్పటి, కొత్త దిండు. తెర మళ్లీ సగానికి తీసేశారు. దిండు మధ్యలో చిన్న సొట్ట కూడా లేదు. అంత శుభ్రంగా ఉంది.

ట్రేలో పన్నెండు ముక్కలు. ప్యాకెట్‌లో ఎనిమిది. రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

రెండూ నలభై. సూరి అరమూత కళ్లతో గొణుగుతున్నాడు. ఐసు... ఐసు... నా చెయ్యి సంచీలోకి వెళ్లింది. సీసా తగిలింది. చల్లగా ఉంది. మూత మీద వేలు పెట్టి ఎంతసేపు ఉన్నానో తెలియదు. భయమేసి చెయ్యి తీసేశాను. ఆ చేతికి వేరే పని చెప్పాలి. డైరీ తీశాను. పెన్ను మూత తీశాను.

అప్పుడు చేశాను ఆ తప్పు.

'3.00. మూడు ముక్కలు. తడిపాను. పడుకున్నాడు.'

ఇరవై నిమిషాల ముందు రాశాను. ఎందుకు రాశానో ఇప్పటికీ తెలియదు. రాసేస్తే వాడు నిజంగా పడుకుంటాడనిపించిందేమో. సంతకం మాత్రం పెట్టలేదు. మూడయ్యాక పెడదామనుకున్నాను. పెన్ను కొన కాగితం మీదే ఉంది...

అంతే. నిద్ర పట్టేసింది.

ఇక్కణ్నుంచి మెల్లగా చెబుతాను. తొందరపడితే ఏదైనా కలిపేస్తానేమోనని భయం.

టప్...

గిన్నెలో చుక్క పడిన శబ్దం.

టప్... టప్...

గుడ్డ పిండుతున్నారు. నాకు తెలిసిన శబ్దమే, నాలుగుసార్లు విన్నదే. నిద్రలోనే అనుకున్నాను, నేనే పిండుతున్నాను కాబోలు అని. కానీ నా చేతులు ఒళ్లో ఉన్నాయి. డైరీ బరువు తెలుస్తోంది. వేళ్ల మధ్య పెన్ను తెలుస్తోంది. మరి పిండేది ఎవరు?

కళ్లు తెరవాలనుకున్నాను. తెరుచుకోలేదు.

సూరి చప్పరిస్తున్నాడు. తొందర లేదు ఆ చప్పుడులో. కడుపు నిండుతున్న పిల్లాడి చప్పుడు. మళ్లీ గిన్నె. టప్... టప్... రెండో ముక్క. మళ్లీ గిన్నె. మూడోది. తర్వాత స్ప్రే. స్స్... స్స్... రెండుసార్లు. సరిగ్గా రెండుసార్లు.

నాకు ఎదురుగా, మంచానికి అవతల, ఎవరో నిలబడి ఉన్నారు. చూడలేదు. కానీ రెప్పల మీద పడే ట్యూబ్‌లైటు వెలుతురు తగ్గింది. ఒక మనిషి అడ్డొస్తే ఎంత తగ్గుతుందో అంత.

తర్వాత ఆ నీడ కదిలింది. అడుగుల చప్పుడు లేదు. నా ముందు నుంచి ఎడమకు వెళ్లింది. నా గౌను అంచు కొంచెం కదిలింది...

టప్.

ఒక్కసారే. ఈసారి గిన్నె దగ్గర కాదు. ఎడమ పక్కన.

తర్వాత ఇనుప మంచం కిర్రుమంది. అలసిపోయిన మనిషి కూర్చుంటే కిర్రుమన్నట్టు.

కళ్లు తెరుచుకున్నాయి.

గోడ గడియారం మూడూ ఇరవై అయిదు. సూరి నిద్రపోతున్నాడు. అయిదు రోజుల తర్వాత మొదటిసారి మనిషిలా నిద్రపోతున్నాడు. పెదాలు తడిగా, ఆయింట్‌మెంటు రాసి, మెరుస్తున్నాయి. మాస్కు సరిగ్గా పెట్టి ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

ట్రే చూశాను. ఒకటి, రెండు... పదిహేను.

ప్యాకెట్ చూశాను. అయిదు ఉండాలి.

నాలుగు ఉన్నాయి.

మళ్లీ లెక్కపెట్టాను. పదిహేను. నాలుగు. పంతొమ్మిది. ఒక ముక్క లేదు. ఒళ్లంతా చల్లబడిపోయింది. దయ్యం సంగతి కాదు, అప్పుడు దాని ధ్యాసే లేదు. ఆ ముక్క సూరి నోట్లో ఉందా? గొంతులోకి జారిందా? అందుకేనా ఇంత నిశ్శబ్దంగా ఉన్నాడు?

"అమ్మా! కుమారీ!"

పరుగున వచ్చింది. విషయం చెప్పాను. టార్చి వేసి సూరి నోరు తెరిచింది. నాలుక కింద, బుగ్గల్లో వేలు పెట్టి వెతికింది. దుప్పటి దులిపాం. మంచం కింద చూశాం. నా గౌను మడతలు చూశాం. సూరి కళ్లు తెరిచి విసుక్కున్నాడు.

"ఏటే తల్లీ... పడుకోనియ్యవేటి..."

"బాబాయ్ గారూ, మూడింటికి మీరే కదండీ తడిపినారు? నాను అవతల పేషెంటు దగ్గర్నుంచి సూసాను. పచ్చ గౌనేసుకుని, ఇటేపు వీపు పెట్టి వంగున్నారు."

"నేను కుర్చీలోంచి లేవలేదమ్మా."

ఆమె నా వైపు చూసింది. నేను కుర్చీలో వదిలిన డైరీ వైపు చూశాను. పెన్ను కొన ఆనిన చోట సిరా ఊరి, ఊరి, శనగగింజంత మరకైంది. 'పడుకున్నాడు' అన్న మాట పక్కనే. నేను లేచి ఉంటే ఆ పెన్ను అక్కడ ఆగుతుందా?

"బాబాయ్ గారూ..." కుమారి గొంతు మారిపోయింది. టార్చి ఎడమ వైపు తిరిగి ఉంది.

పక్క మంచం. ఖాళీ మంచం. కొత్త దుప్పటి. కొత్త దిండు.

దిండు మీద ఒక గాజుగుడ్డ ముక్క.

తడిగా ఉంది. దాని కింద గలీబు మీద అరచేయంత తడి వ్యాపించి ఉంది. ఆ తడి చుట్టూ దిండు... కొంచెం, కొంచెమే... సొట్టపడి ఉంది.

కుమారి పటకారుతో ఆ ముక్క తీసి ట్రేలో వేసింది. "ఇరవై" అంది. గలీబు తీసి మార్చింది.

తెల్లారేదాకా నేను కుర్చీని గోడకు ఆనించుకుని కూర్చున్నాను. కుమారి ఇచ్చిన కొత్త ప్యాకెట్‌తో నాలుగింటికి, అయిదింటికి మళ్లీ తడిపాను. ఎడమ వైపు చూడకుండా తడిపాను.

తొమ్మిదిన్నరకు డాక్టరు వచ్చి సూరి చేత చెంచాడు నీళ్లు మింగించాడు. మింగాడు. దగ్గలేదు. ఇంకో చెంచా. సత్యవతి గాజు తలుపు అవతల నిలబడి ఏడుస్తోంది. సూరి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"రాత్రి రెండోవోడెవుడు బావా?"

"ఎవడ్రా?"

"నీ తరవాత ఒకాయన తడిపినాడు కదేటి. సెయ్యి గరుకు. తాళ్లు లాగినోడి సెయ్యి. నీకంటే బాగా తడిపినాడులే. నువ్వు వణుక్కుంటా తడిపినావు."

ఆ డాక్టర్నే అడిగాను. ఐసీయూలో అన్నాళ్లున్నవాళ్లకు లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి అన్నాడు. నిజమే కావచ్చు. మరి కుమారికి? మరి నాకు?

కిందికి దిగుతుంటే మెట్ల దగ్గర ఒకావిడ నేలమీద కూర్చుని ఉంది. పక్కన బట్టల మూట. పక్క మంచం ఆయన భార్య అని అక్కడున్న వార్డుబాయ్ చెప్పాడు. నేను రాత్రి ఆ గదిలోనే ఉన్నానని ఆమెకూ చెప్పేశాడు. ఆమె తలెత్తింది.

"బాబూ... ఆఖర్న గొంతు తడిసినాదేటి ఆడికి? సముద్రం మీద బతికినోడు. నీళ్లకి ఏడిసి పోనాడేమోనని..."

నా గౌను అంచు దాకా వచ్చిన చెయ్యి కనిపించింది. దిండు మీద తడి కనిపించింది.

"తడిసిందమ్మా" అన్నాను.

అబద్ధమో నిజమో తెలియకుండా నేను ఇచ్చిన జవాబు జీవితంలో అదొక్కటే. సంచీలోంచి తులసి నీళ్ల సీసా తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆఖరి నీళ్లు పొయ్యడానికి పనికొస్తాయి అన్నాను. సీసా కళ్లకద్దుకుంది.

సూరి ఇప్పుడు మళ్లీ ఐసు ఫ్యాక్టరీకి వెళ్తున్నాడు. నా డైరీలో ఆ పేజీ అలాగే ఉంది. '3.00. మూడు ముక్కలు. తడిపాను. పడుకున్నాడు.' ఎన్నోసార్లు పెన్ను తీశాను. కొట్టేద్దామంటే, అది జరిగింది. సంతకం పెడదామంటే, నేను చెయ్యలేదు. పైగా నేను రాసింది మూడు ముక్కలు. పోయినవి నాలుగు.

నేనే లేచానేమో అని కూడా అనుకుంటాను. ముప్పై నాలుగేళ్లు గంటగంటకూ లేచిన ఒళ్లు. నిద్రలోనే లేచి, తడిపి, వచ్చి మళ్లీ పెన్ను అదే చోట పెట్టి కూర్చున్నానేమో. పగటిపూట అలా సర్దిచెప్పుకుంటే బాగానే ఉంటుంది.

సరే, నేనే అనుకోండి... మరి ఆ నాలుగో ముక్కను ఎవరి పెదాలకు పెట్టాను?